భూతద్దం మేడమ్ గారికి ఒక ఆలస్యపు చీటీ

1989వ సంవత్సరం జూలై మాసం మూడవ తేదీ, సోమవారం ఉదయం పది గంటలకు మేడమ్ గారు మా వృక్ష సంగ్రహాలయంలో వర్గీకరణ సహాయకురాలిగా బాధ్యతలు స్వీకరించారు. చేరిక పత్రంపై సంతకం చేయకముందే, బల్లమీద ఉన్న ఎండు మొక్క నమూనాను తిరగేసి చూసి, దానికి పెట్టిన పేరు తప్పని సవినయంగా సెలవిచ్చారట. ఆ పేరు పెట్టినవారు అప్పటి డైరెక్టరు గారే. నాటి నుంచి నేటి పదవీ విరమణ వరకు, ముప్పై ఆరేళ్ల సుదీర్ఘ కాలంలో, ఈ భవనంలోని ఏ మొక్క పేరూ వారి పరీక్షకు అతీతం కాలేదు.

మెడలో నల్లతాడుకు సదా వేలాడే భూతద్దం వల్ల వారికి 'భూతద్దం మేడమ్' అన్న పేరు స్థిరపడింది. సందర్శనకు వచ్చే విద్యార్థులను వారు అడిగే మొదటి ప్రశ్న, "రెక్కలున్నాయి కదా, మరి గబ్బిలం పక్షి ఎందుకు కాదు?" అని. జీవులను పోలికను బట్టి కాక పుట్టుకను బట్టి, పరిణామక్రమంలో ఏది దేని సంతతి అన్నదాన్ని బట్టి వర్గీకరించాలన్న మహాసూత్రాన్ని ఆ ఒక్క ప్రశ్నతో పిల్లల బుర్రకెక్కించేవారు. లెక్కల మాస్టారైన వారి శ్రీవారు మాత్రం, "మా ఇంట్లో చిక్కుడుకాయ కోయాలంటే ముందు దాని చుట్టాలందరి గురించీ వినాలండీ, ఈలోగా ఆకలి చచ్చిపోతుంది" అని వాపోతుంటారు.

1994లో విత్తన విభాగం వారి ఆధీనంలోకి వచ్చింది. నాలుగు వేల రకాల గింజలు, ఒక్కొక్క రకానికి ఒక్కొక్క డబ్బా, డబ్బామీద పేరున్న చీటీ. పేరు తప్పని తేలితే పాత చీటీని చించరాదు, కొట్టివేయరాదు. దాని కిందనే కొత్త చీటీ అంటించి, సరైన పేరు, తప్పు జరిగిన విధం, తేదీ రాసి, సంతకం చేయాలి. తప్పు కూడా చరిత్రేనని, దాన్ని దాచిపెట్టే హక్కు మనకు లేదని వారు నాకు ఉద్యోగంలో చేరిన రోజే బోధించారు. దానితోపాటు మరొక మాట కూడా చెప్పారు: "చీటీని కాదు, గింజను చూడు."

ఇంతవరకు రాసినది ఇలాంటి వీడ్కోలు సంచిక వ్యాసాల్లో ఎవరైనా రాసేదే. ఇకపై రాయబోయేది రాయడానికి నాకు పంతొమ్మిదేళ్లు పట్టింది.

2006 వర్షాకాలంలో విత్తనాల బీరువాకు పురుగు పట్టింది. గింజల పొట్లాలన్నీ డబ్బాల్లోంచి తీసి, వారం రోజులు గడ్డకట్టే చలిలో ఉంచి, తిరిగి సర్దే పని తాత్కాలిక ఉద్యోగిగా ఉన్న నాకు అప్పగించారు. చెమ్మకు రెండు పొట్లాల మీద, ఏది ఏ డబ్బాదో తెలిపే అంకెలు అలుక్కుపోయాయి. రెండింటిలోనూ ఎర్రగా మెరుస్తూ నల్లమచ్చ ఉన్న గింజలే. ఒకటి గురివింద, రెండోది మేము ముద్దుగా 'దొంగ గురివింద' అని పిలుచుకునే వేరొక తీగ. రెండూ చిక్కుడు కుటుంబానివే అయినా వేర్వేరు శాఖలవి. పండు అని భ్రమపడి పక్షులు మింగి, దూరాన విడుస్తాయన్న ఆశతోనే రెండూ విడివిడిగా ఆ ఎరుపు నలుపు వేషం కట్టాయని శాస్త్రజ్ఞులు ఊహిస్తారు. నేను ఒక పొట్లం ఒక డబ్బాలో, రెండోది రెండో డబ్బాలో పడేసి, తర్వాత సరిచూద్దాంలే అనుకున్నాను. ఆ తర్వాత అన్నది రానే లేదు.

నాలుగు నెలల తరువాత, ఒక మధ్యాహ్నం రెండున్నరకు, ఒక తండ్రి, గింజలు గుచ్చిన, తెగిపోయిన చేతి గాజును జేబురుమాలులో మూటగట్టుకుని ఆయాసపడుతూ వచ్చాడు. చేతిలో ఆసుపత్రి డాక్టరు గారి చీటీ. మూడేళ్ల కూతురు గాజు కొరికి, మూడు గింజలు నమిలి మింగింది. గురివింద గింజను నమలకుండా మింగితే చాలాసార్లు అలాగే బయటపడుతుంది, నమిలితే ప్రాణాంతకం. అయితే విషం వెంటనే బయటపడదు, గంటలపాటు మనిషి మామూలుగానే ఉంటాడు. పాప ఆసుపత్రి బల్లమీద ఆడుకుంటూనే ఉందట. గాజు అమ్మినవాడేమో అది అసలు గురివింద కాదని ఒట్టేశాడట. వాళ్లది నది మధ్య లంక. నాలుగు గంటల లాంచీ దాటితే మళ్లీ మర్నాడే. అక్కడ డాక్టరు లేడు. పాపను పంపేయవచ్చా, ఉంచాలా? డాక్టరు గారికి కావలసిన జవాబు అదొక్కటే.

మేడమ్ గారు మేడమీద సమావేశంలో ఉన్నారు. నేను డబ్బా తెరిచాను. చీటీ మీద 'దొంగ గురివింద' అని ఉంది, లోపలి గింజలు గాజు గింజలతో అచ్చుగుద్దినట్లు సరిపోయాయి. డాక్టరు గారికి ఫోన్ చేసి, "గురివింద కాదండీ" అన్నాను. ఆ తండ్రి నా రెండు చేతులూ పట్టుకుని, "బతికించారు బాబూ" అని వెళ్లిపోయాడు.

మూడుంబావుకు మేడమ్ గారు ఏవో కాగితాల కోసం కిందికి వచ్చారు. నమూనా కోసం నేను అట్టేపెట్టిన ఒక గింజ బల్లమీద ఉంది. అలవాటుగా తీసి భూతద్దం కింద పెట్టారు.

"ఇదెక్కడిది?"

చెప్పాను.

"కాదని ఎవరు చెప్పారు?"

"నేనే మేడమ్. డబ్బాతో సరిచూశాను."

"గింజను చూశావా, డబ్బాను చూశావా?" అని భూతద్దం నా చేతికిచ్చారు. గింజ కాయకు అంటిపెట్టుకున్న చోట మిగిలే చిన్న మచ్చను మేము బొడ్డు అంటాం. అసలు గురివిందకు బొడ్డు నలుపులో ఉంటుంది, దొంగ గురివిందకు ఎరుపులో. ఈ గింజకు బొడ్డు నలుపులో ఉంది. డబ్బాలోని గింజలకూ నలుపులోనే ఉంది. పొట్లాలు తారుమారు చేశానని అప్పుడు తెలిసింది.

ఆసుపత్రికి ఫోన్ చేశాం. లైను కలవలేదు. "నువ్వు ఫోన్ వదలకు, నేను రేవుకి పోతున్నా" అని వాచ్‌మన్ సైకిలు తీసుకుని వారు వెళ్లిపోయారు. సమావేశంలో డైరెక్టరు గారు వారి కోసం ఎదురుచూస్తున్న సంగతి ఇద్దరికీ గుర్తు రాలేదు.

ఆ నలభై అయిదు నిమిషాలు నేను ఎలా గడిపానో వర్ణించే శక్తి నాకు లేదు. వేలు నొప్పి పుట్టేదాకా అవే అంకెలు తిప్పాను. నాలుగుకు పది నిమిషాలుందనగా ఎవరో ఎత్తి, "వాళ్లా? వెళ్లి చాలాసేపైందండీ" అన్నారు. నాలుగు గంటలకు రేవు నుంచి లాంచీ కూత వినిపించింది. ఒక పసిప్రాణాన్ని నా నోటి మాటతో చంపేశానని ఆ క్షణంలో నమ్మాను.

రేవులో జరిగింది తరువాత ఆ తండ్రి ద్వారా తెలిసింది. జనమంతా ఎక్కేశారు. మేడమ్ గారు సైకిలు పడేసి, లాంచీకీ గట్టుకీ మధ్య వేసిన బల్లచెక్క మీద నిలబడిపోయారు. "తప్పుకోమ్మా, టైమైంది!" అని లాంచీ నడిపేవాడు కేకలేశాడు. "నన్ను నీళ్లలోకి తోసి వెళ్లు" అన్నారు వీరు. పాప తల్లి బిడ్డను గుండెకు హత్తుకుని, "మీ ఆఫీసే కదమ్మా ఏం కాదన్నది! మాతో ఆటలాడుతున్నారా?" అని విరుచుకుపడింది.

"అవునమ్మా, మా ఆఫీసే తప్పు చెప్పింది. తిట్టడానికి రేపు రా, పడతాను. ఇప్పుడు పాపని ఇటివ్వు."

ఆసుపత్రికి తిరిగి చేర్చిన పాప మర్నాడు తెల్లవారేసరికి వాంతులతో మంచం పట్టింది. నెత్తురు పడింది. ఎనిమిది రోజులు డాక్టరు గారు ఏ మాటా చెప్పలేకపోయారు. మేడమ్ గారు రోజూ వెళ్లారు. నేను ఒక్కరోజు వెళ్లి, గుమ్మం దాకా నడిచి, లోపలికి పోలేక వెనక్కి వచ్చేశాను. తొమ్మిదో రోజు పాప నీళ్లు అడిగి తాగింది.

విచారణలో డైరెక్టరు గారు పొట్లాలు సర్దినది ఎవరని అడిగారు. "విభాగం నాదండీ, తప్పూ నాదే" అని మేడమ్ గారు జవాబిచ్చారు. నేను ఆ గదిలోనే ఉండి ఆ మాట విన్నాను. వారి పదోన్నతి నాలుగేళ్లు ఆగిపోయింది. వారం తరువాత, నేనే చెప్పేస్తానని వారి దగ్గర ఏడ్చాను. "చెబితే నీ ఉద్యోగం పోతుంది. నీ చోట ఇంకెవడో వస్తాడు. వాడు ఈ తప్పు ఇంకా చేసి ఉండడు. నువ్వు చేశావు కాబట్టి ఇక చేయవు. నువ్వే నయం, పో, పని చూసుకో" అన్నారు. ఆ మరుసటి ఏడాది నా ఉద్యోగం ఖాయమైంది. 2012లో వారు సంగ్రహాలయ అధికారిణి అయ్యారు, వారి విత్తన విభాగం నాకు దక్కింది. వారు చూపిన ఆ ఔదార్యానికి కృతజ్ఞత చెప్పాలని ఎన్నోసార్లు అనుకుని, సిగ్గుతో ఊరుకున్నాను.

నేటి అభినందన సభకు ఆ పాప, ఇప్పుడు ఇరవై రెండేళ్ల యువతి, తల్లిదండ్రులతో వస్తున్నది. ఆ రోజు మొదటి జవాబు చెప్పిన గొంతు ఎవరిదో ఆ తల్లీ కూతురూ ఎన్నడూ అడగలేదు. నా చేతులు పట్టుకున్న తండ్రి, తెలిసి కూడా, వేలెత్తి చూపలేదు. ఈ సంచిక వారి చేతికీ అందుతుంది. అమ్మా, అయ్యా, ఆ గొంతు నాది. ఆ తప్పు నాది.

నిన్న సాయంత్రం మేడమ్ గారు తాళాలు అప్పగించడానికి వచ్చినప్పుడు, ఆ రెండు డబ్బాల మీద, 2006లో ఆ పొరపాటును సరిదిద్దుతూ వారు అంటించిన చీటీ కింద నేను కొత్త చీటీ అంటించాను. పొట్లాలు తారుమారు చేసింది నేనని రాసి సంతకం పెట్టాను. వారు భూతద్దం పట్టుకుని చాలాసేపు చదివారు. మెచ్చుకుంటారేమోనని ఎదురుచూశాను.

"తేదీ వేయలేదేం?" అన్నారు.

"ఏ తేదీ వేయమంటారు మేడమ్? అప్పటిదా?"

"ఇవాళ్టిదే. ఎంత ఆలస్యమైందో చదివేవాళ్లకి తెలియాలిగా!" అని నవ్వి, కళ్లు తుడుచుకుని, మెడలోని భూతద్దం తీసి నా బల్లమీద పెట్టి వెళ్లారు.

మేడమ్ గారూ, మీ చూపు మసకబారకుండా, మీ మోకాళ్లు మొరాయించకుండా, మాస్టారు గారి ఆకలి చచ్చిపోకుండా మీరు నిండు నూరేళ్లు ఆయురారోగ్యాలతో వర్ధిల్లాలని, అప్పుడప్పుడూ వచ్చి మా చీటీల్లో తప్పులు పట్టాలని మనసారా కోరుకుంటున్నాను.

భవదీయుడు,
ఆ రెండు పొట్లాలు తారుమారు చేసిన ఉద్యోగి
ప్రస్తుతం విత్తన విభాగ బాధ్యుడు
తేదీ: ఇవాళ్టిదే