క్లెమ్ పెళ్లినాటి మోత

రండి, ఆ డబ్బాలు అవతల పెట్టి ఇలా దగ్గరగా కూర్చోండి. నార్మన్, మూత మీద గరిటెతో కొట్టడం ఆపు నాయనా, నా చెవులు ఇంకా పనిచేస్తూనే ఉన్నాయి. కాస్త ఆగలేరూ? మెర్విన్ ఇంటికి పెళ్లిమోతకు వెళ్లేది పొద్దు గుంకాక కదా. ఇంకా ఆవుల పాలు పితకడమే కాలేదు.

డల్సీ, నీ ఒళ్లో అదేమిటి? నాగలికుండే ఇనప పళ్లెమా? ఇలా చూపించు. అంచున పెచ్చు ఊడింది. ఆఁ, అదే. ఎవరిచ్చారు, మీ తాతా? తన చేత్తో తీసి ఇచ్చాడా? సుత్తి కూడానా?

సరే. లెక్కలు రేపు చేసుకుందాం. ఈ పూట కథ చెబుతాను.

ఏప్రిల్‌లో యుద్ధవీరుల రాతి స్తంభం దగ్గర పూలు పెట్టేది నువ్వే కదా డల్సీ? “క్లెమెంట్ పాస్కో” అని చదువుతావు. మీ తాత హెక్టర్‌కు సొంత తమ్ముడు. ఎలా పోయాడని చెప్పారు నీకు? ఫ్రాన్సులో, ఆ మొదటి యుద్ధంలోనా. ఊఁ. ఊరంతా అదే చెబుతుంది. రాయి కూడా అదే చెబుతుంది. రాయిదేముంది, ఏం చెక్కితే అది చెబుతుంది.

నేను ఈ యారబిన్ బడికి మాస్టారుగా వచ్చేసరికి ఆ రాయి లేస్తోంది. మీ నాయనమ్మ ఎడ్నా నాకు అసలు సంగతి చెప్పి, తను ఉన్నన్నాళ్లు బయట పెట్టవద్దంది. పోయిన చలికాలం ఆమెను మట్టిలో పెట్టి వచ్చాం. ఇక నా నోటికి తాళం ఎందుకు?

వినండి. యుద్ధానికి ముందు ఈ ఊళ్లో మోతకు పెద్ద క్లెమే. కొత్త జంట ఇంట్లోకి వెళ్లి దీపం వెలిగించగానే చుట్టూ చేరడం, తలుపు తీసి టీ, కేకు పెట్టేదాకా డబ్బాలు వాయించడం మన తాతల నాటి నుంచీ ఉన్నదే. క్లెమ్‌కు డబ్బాలు ఆనలేదు. విరిగిన నాగలి నుంచి పళ్లెం ఊడదీసి, తీగ కట్టి గుంజకు వేలాడదీసి, సుత్తితో కొట్టేవాడు. మూడు పొలాల అవతల కుక్కలు ఏడ్చేవట. అన్న పెళ్లికి ఎంత వాయించాడంటే, మీ నాయనమ్మ విసుగెత్తి కిటికీలోంచి దిండు విసిరితే దిండును కూడా వాయించాడట.

అలాంటివాడు సైన్యంలో చేరాడు. తుపాకి పట్టే పని కాదు. గుండ్ల వానలోంచి గాయపడ్డవాళ్లను భుజాన వేసుకుని తేవాలి. మోత దగ్గరికొస్తే ఏదో ఒక గోతిలో వాళ్లను బోర్లా పడుకోబెట్టి, మీద తాను పడుకోవాలి. “తల దించు, తల దించు, ఇప్పుడే ఆగిపోతుంది” అని చెవిలో చెబుతూ ఉండాలి. అలా ఎందరినో బతికించాడని పతకం ఇచ్చారు. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి.

తిరిగొచ్చాడు. రైలు దిగినప్పుడు ఊరంతా స్టేషన్లోనే ఉంది. నవ్వాడు, అందరికీ చేయి ఇచ్చాడు. పడక అన్న ఇంటి వసారాలో. మన రేకుల కప్పులు తెలుసుగా, పగలంతా కాగి, పొద్దుపోయాక చల్లబడుతూ టప్ టప్పుమంటాయి. ఆ చప్పుడుకు మంచం కింద దూరేవాడు. హెక్టర్ చూశాడు. ఎడ్నా చూసింది. పొద్దున టీ దగ్గర ముగ్గురూ వాన గురించి మాట్లాడుకునేవారు. మనవాళ్లకు అంతకంటే ఏం చేతనవును?

పోస్టాఫీసులో విన్నీ అనే పిల్ల ఉండేది. గొంతు పెంచదు. తలుపు వేస్తే చప్పుడు కాదు. క్లెమ్ ఆమె దగ్గర కూర్చుంటే చేతుల వణుకు తగ్గేది. ఆమెతో ఒక నిశ్శబ్దమైన ఇల్లు. ఇక బతుకులో అతను అడిగింది అదొక్కటే. పెళ్లి కుదిరింది.

పెళ్లి దగ్గర పడ్డాక ఒకరోజు హెక్టర్ గుర్రానికి జీను బిగిస్తుంటే వచ్చి పక్కన నిలబడ్డాడు.

“హెక్టర్, నా పెళ్లికి మోత వద్దని చెప్పు.”

“ఎవరికి చెప్పను? ఊరేమన్నా నాదా?”

“నువ్వు చెబితే వింటారు. హాల్లో అందరికీ బీరు పోయిస్తాను. ఇంటికి మాత్రం రావద్దను.”

“అందరి పెళ్లిళ్లకూ వాయించినవాడివి, నీ వంతు వచ్చేసరికి దొరగారికి నిద్ర చెడుతుందా?”

క్లెమ్ నవ్వలేదు. “అడుక్కుంటున్నాను అనుకో,” అన్నాడు.

“చెబుతాలే, పో.”

చెప్పలేదు. పైగా బీరు కొట్టుకు వెళ్లి, ఈసారి ఇంటింటి నుంచీ రెండేసి డబ్బాలు తెమ్మన్నాడు. మీ నాయనమ్మకు తెలిసి అడ్డుపడింది.

“వాడు మంచం కింద దూరడం నువ్వు చూడలేదా?”

“చూశాను గనకే. గోనెసంచి ఎగిరితే బెదిరే గుర్రాన్ని ఏం చేస్తాం? ఆ సంచినే జీనుకు కట్టి తోలతాం. నాలుగు రోజులకు ఆ సంచి మీదే నిద్రపోతుంది.”

“వాడు గుర్రం కాదు.”

“గుర్రమైతే ఈపాటికి కుదురుకునేది.”

ఊరికి ఆ మాట నచ్చింది. మనం గుర్రాలు తెలిసినవాళ్లం కదా. ఊరు ప్రేమతోనే బయల్దేరింది పిల్లలూ, అది మరిచిపోవద్దు. పగతో వెళ్లేవాళ్లు అంత మోత చేయరు. మన వీరుడు, మన అందరికీ వాయించినవాడు. తక్కువ చేస్తే నామోషీ కాదూ?

గోధుమ నడుం ఎత్తు పెరిగిన రోజులు. పెళ్లి రాత్రి కొత్త ఇంట్లో దీపం వెలిగింది. ఎడ్నా వెళ్లలేదు, తన వసారాలోనే కూర్చుంది. హెక్టర్ ఇదే పళ్లేన్ని గేటు గుంజకు తగిలించి మొదటి దెబ్బ కొట్టాడు. వెంటనే డబ్బాలు, మూతలు, ఆవు గంటలు. నలుగురు ఆకాశంలోకి తుపాకులు పేల్చారు.

వెనక తలుపు తెరుచుకుంది. విన్నీని భుజాన వేసుకుని క్లెమ్ బయటికి ఉరికాడు. నడుం వంచి, చేలో పడి పరుగు. ఆమె ఇంకా పెళ్లి గౌనులోనే ఉంది. “వీడు పెళ్లాన్ని ఎత్తుకుపోతున్నాడ్రా,” “ఒరేయ్, కేకు పెట్టి పోరా,” అంటూ జనం ఈలలేసి వెంటపడ్డారు. హెక్టర్ పళ్లెం తీసి, ఒక చేత్తో తీగ పట్టుకుని రెండో చేత్తో కొడుతూ అందరికంటే ముందు పరుగెత్తాడు. గొర్రెలను తోలినట్టు తోలారు.

క్లెమ్‌కు గొయ్యి కావాలి. ఆ పొలంలో ఉన్నదొక్కటే, గొర్రెలు నీళ్లు తాగే గుంట. అందులోకి దిగాడు. ఆమెను బోర్లా పడుకోబెట్టాడు. మీద తాను పడుకున్నాడు. మోకాలి లోతు కూడా లేవు నీళ్లు. “తల దించు, తల దించు. ఇప్పుడే ఆగిపోతుంది.”

ఆగలేదు. గట్టు మీద నిలబడి వాయిస్తూనే ఉన్నారు. కొత్త జంట సరసం అనుకున్నారు. ఆమె చేతులు నీళ్లను కొడుతుంటే మనకు తాళం వేస్తోందన్నాడట ఒకడు.

మోత ఎప్పుడూ ఒక్కసారిగా ఆగదు. నవ్వుల్లో, టీ కప్పుల చప్పుడులో ఒక్కో డబ్బా ఆగుతూ పోతుంది. ఆ రోజు అన్నీ ఒక్కసారే ఆగాయి. వసారాలో కూర్చున్న ఎడ్నాకు అప్పుడే తెలిసిపోయిందట.

మోత ఆగింది గనక క్లెమ్ లేచాడు. విన్నీని వెల్లకిలా తిప్పి మొహం మీది బురద తుడిచి, “అయిపోయింది, ఇక లేవచ్చు,” అన్నాడు.

ఏం నార్మన్, డబ్బా కింద పెట్టేశావే?

విన్నీ చావు మీద విచారణ మన హాల్లోనే జరిగింది. బైబిలు మీద చేయి వేసి, దీవించడానికి వెళ్లామని ఒక్కొక్కరే చెప్పారు. హెక్టర్ వంతు వచ్చింది. “మోత వద్దని మా తమ్ముడు నాతో ఎన్నడూ అనలేదు,” అన్నాడు. ఎడ్నా మొగుడి వంక చూసింది. ఆయన ఆమె వంక చూడలేదు. ఆమె కూడా లేచి నిలబడలేదు.

క్లెమ్‌ను పట్నంలో పిచ్చాసుపత్రికి పంపారు. స్తంభం కట్టేటప్పుడు వచ్చింది చిక్కు. తిరిగొచ్చినవాళ్ల వరసలో పేరు పెడితే, ఆయన ఎక్కడున్నాడని రేపు పిల్లలు అడుగుతారు. చనిపోయినవాళ్లలో పెడితే ఎవరూ అడగరు. ఆ ఉపాయం మీ తాతదే. ఊరు చేతులెత్తి ఒప్పుకుంది.

బతికే ఉన్నాడమ్మా. వేసవిలో నేను రైలెక్కి వెళ్లి చూసి వస్తుంటాను. మెత్తని మనిషి. ఎవరి చేతిలోంచైనా చెంచా జారి పడితే మాత్రం పక్కవాడి తల పట్టుకుని వంచేస్తాడు. నన్ను చూడగానే అడిగేది ఒకటే. “విన్నీ తల దించే ఉంచిందా?” ఉంచిందని చెబుతాను. మరేం చెప్పను?

మీ తాత ఆ పళ్లెం ఏ పాతరలోనో పడేసి ఉంటాడనుకునేవు. లేదు. ప్రతి పెళ్లికీ తీసి ఇస్తూనే ఉన్నాడు. ఒక్క పెళ్లికి ఇవ్వకపోతే ఎందుకివ్వలేదని ఎవరో ఒకరు అడుగుతారు. ఆ ప్రశ్న రాకుండా ఇన్నేళ్లూ వాయించుకుంటూ వస్తున్నాడు.

మెర్విన్ ఈ రెండో యుద్ధంలో పోరాడి, న్యూ గినీ అడవుల్లోంచి వచ్చి ఏడాది కాలేదు. నిన్న బడి కంచె దగ్గర నిలబడి, టోపీ చేతుల్లో నలుపుతూ, “మాస్టారూ, పిల్లలు మీ మాట వింటారు కదా, మా ఇంటికి రావద్దని చెప్పండి,” అన్నాడు. పెద్దవాళ్లను అడిగి చూశాడట. నవ్వారట.

చెప్పాను. నా పని అయింది.

డల్సీ, అది ఇక్కడ వదిలి వెళతావా? తాత అడుగుతాడంటావు. అడుగుతాడు. సుత్తి ఏదని కూడా అడుగుతాడు. సరే, తీసుకుపో. నేను మాస్టారిని, పోలీసును కాను. నార్మన్, నువ్వూ మళ్లీ చేతికి తీసుకున్నావే. ఒక్కడివే మానేస్తే పిరికివాడంటారనా? ఆ రోజు సగం మంది అందుకే వెళ్లారు.

ఇక పొండి. మీ అమ్మలు మాంసం, బంగాళాదుంపలు వండి ఎదురుచూస్తుంటారు. చల్లారకముందే తినండి. ఆ రోజు వాళ్లూ కడుపునిండా తినే వెళ్లారు.