పిట్ట ముట్టని మిర్చి

"ఆంటీ, మీ శ్రావణికి పెట్టినప్పుడు గూడ పిట్ట ముట్టలేదంట గదా? మరి మీరు ఎట్ల తట్టుకున్నరు?"

కూసో స్వప్నా. ఆ చీరల మూట జర పక్కకు జరుపు. ఫాల్ కుట్టేటియి, నలిగితే నలిగినయి.

ముట్టలే. మా యాదమ్మ చెప్పిందా? నా ఆడబిడ్డ. ఆమెకు గ్యాస్ బుక్ చేసుడు యాదికుండది గానీ, ఇసొంటియి తారీకుతోని సహా యాదికుంటయి.

మీ అమ్మ పోయి ఇయ్యాల మూడోనాడు. పొద్దుగాల మీ మిద్దె మీద ఇస్తరి పెట్టిన్రు. కాకి రాలే. ఇగ కింద సుట్టాలు మొదలువెట్టిన్రు. గంతే గదా?

"నా పెండ్లి సూడకుంట పోయిందట ఆంటీ. గా మనాదితోనే ముడ్తలేదని అంటున్నరు."

అంటరు. నోర్లు ఊకె ఉంటయా? ఛాయ్ తాగుతవా? తాగవు. సరే, ముంగట పెడ్త. ఉండనీ.

నాకు మాట్లాడుడు శాతగాదు బిడ్డా, ఎరుకే గదా. ఒక్కసారే చెప్త. మల్ల అడగకు.

రెండేండ్లు అయితుంది. శ్రావణి డిగ్రీ సెకండియర్. కాదు, అప్పుడే ఎక్కింది సెకండియర్‌కు. జరం వచ్చింది. డెంగీ అన్నరు. ఐదు రోజులు. గంతే. మా ఆయన లైన్‌మన్ గదా, గల్లీ గల్లీకి కరెంటు తెచ్చెటోడు, దవాఖాన వరండల గోడకు ఆనుకొని కూసుంటె ఫోన్‌కు చార్జింగ్ పెట్టుకునుడు గూడ తెల్వలే ఆయనకు.

మూడోనాడు మా మిద్దె మీదనే పెట్టినం. పోయినోళ్లకు ఇష్టమైనయన్ని వండాలె, ఇస్తరిల పెట్టాలె, దూరం జరగాలె. కాకి వచ్చి ముడితే కడుపు నిండి పోయినట్టు. ముట్టకుంటే ఏదో కోరిక మిగిలినట్టు. మనకు ఎరుకైన రివాజే. పంతొమ్మిదేండ్లు పెంచిన తల్లి పాసో ఫెయిలో కాకి చెప్పాలె.

ఏమేం పెట్టినం! బగార, మటన్, కోడికూర, గుడ్డు, యాదమ్మ చేసిన సేమియా. మా మరిది ఓ కూల్‌డ్రింక్ సీస తెచ్చి మూత తీసి పెట్టిండు. కాకి సీసల నుంచి ఎట్ల తాగుతదిరా అని ఎవరో అంటే, ఉరికిపోయి స్ట్రా తెచ్చి ఏసిండు. నవ్వకు. నవ్వు, ఏం గాదు.

మనుషులుంటే రాదని మేమంత మెట్ల మీద నిలబడి తలుపు దగ్గరికేసినం. ఇరవై మందిమి. సందుల నుంచి గూడ సూడొద్దన్నరు. అర్ధగంట. యాదమ్మ తలుపు తీసింది. ఇస్తరి ఎట్ల పెట్టిందట్లనే ఉన్నది. స్ట్రా గూడ వంగలే.

ఇగ షురూ. "పిల్ల స్కూటీ అడిగింది, మీరు ఇప్పియ్యలే" అన్నడు మరిది. సరే, ఇప్పుడు ఇప్పిస్త, ఏ కాకికి ఇప్పియ్యాలె? గిట్ల అనలే నేను అప్పుడు. ఇప్పుడు అంటున్న. "జుట్టు కత్తిరిచ్చుకుంట అంటే నువ్వే తిట్టినవు వదినే" అని యాదమ్మ. మా తోటికోడలు, "ఏదన్న ప్రేమ గీమ ఉండెనేమో, జర పిల్ల ఫోన్ సూడున్రి" అన్నది. మూడోనాడు. ఇంక పిల్ల పండుకున్న దుప్పటి గూడ మడత వెట్టలే మేము. ఒక్కొక్కరు ఇస్తరికి దండం పెట్టి, స్కూటీ కొంటం శ్రావణీ, జుట్టు కత్తిరిపిస్తం శ్రావణీ అని మాటలిచ్చిన్రు, ఎలచ్చన్లల్ల ఇచ్చినట్ల. కాకి నమ్మలే.

ఏం మిగిలిందో నాకు ఎరుకే గదా.

దవాఖానల నాలుగో రోజు జరం జర దిగింది. "మమ్మీ, నోరంత సేదున్నది. ఒక్క కట్ మిర్చి తెచ్చిపెట్టు" అన్నది. దవాఖాన గేటు బయటనే మిర్చి బజ్జీల బండి. నూనె వాసన వార్డు దాక వస్తది. చిన్నప్పటి సంది మిర్చి అంటే పానం దానికి. వాళ్ల నాయినమ్మ అలవాటు చేసింది. నేను పెండ్లై ఈ ఫలక్‌నుమాకు వచ్చినప్పుడు రూపాయికి రెండు వస్తుండె, ముసలామె కొంగుల కట్టుకొచ్చి పొయ్యి కాడనే నిలబడి తింటుండె... ఏం చెప్తున్న? ఆఁ. డాక్టర్ కారం వద్దన్నడు. "జరం తక్కువ కానీ, ఇంటికి పోయినంక ప్లేటు నిండ తిందువు" అన్న. మొకం అటు తిప్పుకున్నది.

తెల్లారి లేదు.

ఛాయ్ సల్లారుతుంది.

ఆ మిర్చి ముచ్చట ఎవరికి చెప్పలే. ఇస్తరిల గూడ పెట్టలే. పెడ్తే ఇదెందుకని అడుగుతరు గదా. పదకొండోనాడు గూడ కాకి రాలే. ఇగ నాకు సమజైంది. బిడ్డ నా మీద కోపంతోనే పోయింది.

అందరిదీ ఒక్కటే మాట, ఎవరి కాడికన్న పో, ఎవరికన్న చెప్పుకో. అయ్యగారి కాడికి పోయిన. శాంతి చేపియ్యాలె అన్నడు. ఎవరికి, పిల్లకా నాకా అంటే, ఇద్దరికి కలిపి చేపిస్తే జర తక్కువల అయితది అన్నడు. బస్సు పాసు తీర్గ.

దవాఖానోళ్లు ఫోన్ చేసిన్రు, కౌన్సిలింగ్‌కు రమ్మని. పోయిన. చిన్న పిల్ల, శ్రావణికంటె నాలుగేండ్లు పెద్ద ఉంటదేమో. కాయితం తీసింది. "ఆంటీ, ఈ వారం మీ బాధ పదికి ఎంత?" అన్నది. ఆరన్న. పదంటే అక్కడనే పండవెడ్తరేమో, రెండంటే నువ్వు తల్లివేనా అంటరేమో. మల్లవారం గూడ ఆరే అన్న. "ఇంప్రూవ్‌మెంట్ లేదు ఆంటీ" అన్నది, తనే పరీక్ష తప్పినట్ల మొకం పెట్టి. పాపమనిపించింది. మూడోవారం ఐదున్నర అన్న. మంచి పిల్ల. కాయితమే మంచిగ లేకుండె.

ఆ పిల్లనే సంతోష్‌నగర్ల ఓ హాలు చెప్పింది. ఐతారం ఐతారం మనసొంటోళ్లు కూడుతరట. గుండ్రంగ కుర్సీలు. ఓ సారు, రిటైరైనాయన, మెత్తగ మాట్లాడుతడు. ఎంత మెత్తగ అంటే ముంగటికి వంగి ఇనాలె. మనిషికో గాలిబుగ్గ చేతికిచ్చి, "మీ బాధనంతా ఇందులో పెట్టి వదిలేయండమ్మా" అన్నడు. ఇడిశిన. సక్కగ పోయి ఫ్యానుకు తగిలి టప్పున పేలింది. సారు కుర్సీల నుంచి లేశిండు. నా పక్కన కూసున్నామె, పెనిమిటి పోయినామె, కొంగు నోట్ల కుక్కుకొని నవ్వింది. నేను గూడ. బిడ్డ పోయినంక అదే మొదటి నవ్వు. "ఇది కూడా బాధలో భాగమే" అన్నడు సారు, ఫ్యాను బందు చేసుకుంట.

ఆమెకు గూడ చెప్పలే మిర్చి ముచ్చట.

మరి ఇంట్ల ఏం జేస్తుంటి? రోజు మా ఆయన డ్యూటీకి పోంగనే ఇన్ని అన్నం, కూర, ఓ మిర్చి. ఇస్తరిల పెట్టనిది అప్పుడు పెట్టిన. రోజు తెచ్చి పెట్టిన. మిద్దె మీద గోడకు పెట్టుడు, తలుపు దగ్గరికేసుడు, మెట్ల మీద కూసునుడు. అర్ధగంటకు తలుపు తీసుడు. ఎట్ల పెట్టిందట్లనే ఉండుడు. ఇప్పుడెందుకు మమ్మీ అన్నట్ల. ఇగ తెచ్చి గల్లీల మేకకు ఏస్తుంటి. తొమ్మిది నెలలు. మా దుఃఖంల ఆ మేక ఒక్కటే బాగుపడ్డది.

ఓ దినం తలుపు తీసేటాలకు పక్క మిద్దె మీద మహబూబ్ చాచా. పావురాల చాచా, ఎరుకే నీకు. దబీర్‌పురా నుంచి వచ్చి మా గోడ పక్కకే కిరాయికి దిగిండు, శ్రావణి పోయే ముందు నెలల. ఆయనకు ముందుగాల పావురాలు, తర్వాతనే పెండ్లాం. నేననుడు కాదు, ఆమెనే అంటది. నడుముకు చెయ్యి పెట్టుకొని లొల్లికి తయ్యారు నిలబడ్డడు.

"బెహెన్, బురా నక్కో మానో. రోజ్ రోజ్ ఇధర్ ఖానా కైకు రక్తే ఆప్?"

ఏమనుకోకు, రోజు ఇక్కడ అన్నం ఎందుకు పెడ్తున్నవని.

"మీ అన్నం కోసం కాకులు గుంపులకు గుంపులు. నా పావురం పిల్లలను పొడుస్తున్నయి. తొమ్మిది నెలల సంది వాటిని ఎల్లగొట్టుడే నా డ్యూటీ అయింది. భుజం పోయింది సూడున్రి!" చేతుల పొడుగు కర్ర. కొసకు నల్లగుడ్డ.

గోడ కాడికి పోయిన. "కాకులు వస్తున్నయా చాచా?"

"వస్తున్నయా? అరే, మీరు తలుపు ఏసుడే ఆల్శం!"

"మొదాలు... మా ఇంటి నిండ జనమున్న దినం? గా దినం?"

"హౌ! కొత్త పావురాల జోడీని మొదటిసారి పైకి ఇడిశిన ఆ దినం. కాకులు మబ్బు వట్టినట్ల వచ్చినయి. అర్ధగంట కర్ర దించలే నేను. అంత అన్నం పైన ఎందుకు పెట్టిన్రో నాకేం ఎరుక బెహెన్? బిడ్డ పోయినోళ్లను ఏం అడుగుతం అని ఊకున్న."

ఆ కర్ర రోజు సూస్తనే ఉన్న బిడ్డా. గోడకు ఆనిచ్చి ఉంటది. నల్లగుడ్డ సూస్తున్న. పావురాలు సూస్తున్న. ఈలలు గూడ ఇంటున్న, మెట్ల మీద కూసోని. ఇరవై మందిమి పిల్ల మనసుల ఏమున్నదో దేవులాడినం గానీ, తలుపు తీసి పక్క మిద్దె మీద ఏమున్నదో ఒక్కడు సూడలే.

అక్కడనే కూలబడ్డ. చెప్పిన చాచాకు. కాకి, స్కూటీ, స్ట్రా. మిర్చి. అయ్యగారికి చెప్పనిది, కాయితం పిల్లకు చెప్పనిది, కొట్లాటకొచ్చినాయనకు చెప్పిన. ఆయన కర్ర కింద పెట్టిండు. "నా ఈ చేతులతోనే, బెహెన్..." అన్నడు.

యాదమ్మకు చెప్తే ఏమన్నదో ఎరుకనా? "సరిగ్గ ఆ దినమే కొత్త పావురాలను ఎందుకు ఇడువాలె వదినే? అది గూడ శ్రావణి చేసిందే." ఇగ ఆమెతోని ఎవరు గెలుస్తరు.

సంవత్సరీకం వచ్చింది. చాచా ఆ దినం పావురాలను బయటికి తీయలే. పండుగ దినం గూడ ఆపనోడు. గూళ్లకు తాళమేసి, కర్ర ఇంట్ల పెట్టి, ఆయన గూడ వచ్చి మాతోని మెట్ల మీద నిలబడ్డడు. ఈయనెందుకు అన్నట్ల సూసింది యాదమ్మ. సూడనీ. తలుపు ఈసారి నేను ఎయ్యనియ్యలే.

ఇస్తరిల మిర్చి గూడ పెట్టి ఇట్ల తిరిగిన్నో లేదో, రెండు కాకులు. మల్ల నాలుగు. మటన్ ముక్క కోసం గుంజులాట. గుడ్డు, కోడికూర, సేమియా, అన్ని. మరిది ఎక్కెక్కి ఏడ్చిండు, "తిన్నది, శ్రావణి తిన్నది" అని. "మనం మాటలిచ్చినం గదా, అందుకే" అన్నది యాదమ్మ. ఏ స్కూటీ వచ్చింది? ఎవరి జుట్టు తెగింది?

మిర్చి మాత్రం ముట్టలే. ఓ కాకి ముక్కుతోని అటు ఇటు దొర్లిచ్చింది, పక్కకు నూకింది. అంతే. కాకి గదా, మటన్ ఉండంగ మిర్చి ఎందుకు తింటది? సేదు నోరు దానికేం ఎరుక?

పోయి ఆ మిర్చి తీస్కొని నేనే తిన్న. కాకి ఎంగిలి అని మొత్తుకున్నది యాదమ్మ. తిన్న. సల్లగ, మెత్తగ, నూనె కారుకుంట. మస్తు కారం. కండ్లల్ల నీళ్లు. డాక్టర్ చెప్పింది నిజమే, ఆ జరంల ఇది పెడ్తే పిల్ల కడుపు మండుతుండె. గప్పుడు యాదికొచ్చింది. మొకం తిప్పుకున్నది గానీ చెయ్యి ఇడువలే. అటు తిరిగి, నా ఏలు పట్టుకునే పండుకున్నది. ఏడాది నాకు ఆ మొకం తిప్పుడొక్కటే యాదున్నది. చెయ్యి యాదికి రాలే.

ఇగ నీ ముచ్చట. పొద్దుగాల మీ పక్క ఫంక్షన్ హాల్ల పటాకులు ఇనలేదా? పెండ్లికొడుకు దిగిండు, లడీలకు లడీలు కాల్చిన్రు. ఇక్కడ నా ఏలికి సూది గుచ్చుకున్నది. ఇనలే గదా? నీకెట్ల ఇనపడ్తది. కాకికి ఇనపడ్డది.

మీ అమ్మకు నీ పెండ్లి మీద ఎంత మనాది ఉండెనో నాకు తెల్వది. నాతోని మాత్రం మోకాళ్ల నొప్పులు తక్కువైతే సాలు అన్నది. మీ సుట్టాలకు చెప్పు, మోకాళ్లకు మొక్కుకోమని.

ఎవరి కాడికి పోవాలె అంటవు. సాయంత్రం మా మిద్దె మీదికి రా. చాచా పావురాలను దించుతడు, నేను ఫాల్ కుడ్త. ఎవరం ఏం అడగం. పదికి ఎంత అని గూడ అడగం. చెప్పాలనిపిస్తే చెప్పు. లేకుంటే సూదిల దారం ఎక్కియ్యి, నాకు కండ్లు సరిగ ఆనుతలేవు.

ఏంది? ఏదో అనబోయినవు.

"అమ్మ... పోయిన దినం పొద్దుగాల ఛాయ్ పెట్టమని అడిగింది ఆంటీ. నేను ఫోన్ల ఉన్న. పెడ్తనే ఉన్న అన్న."

ఆఁ.

అందుకేనా ఇంతసేపు ఈ కప్పు దిక్కు సూస్తలేవు.

లే. పొయ్యి కాడికి దా. నువ్వే పెట్టు. మూడు కప్పులు పెట్టు, ఒకటి మిద్దె మీద పెడ్దాం. కాకి ముట్టది, ఇప్పుడే చెప్తున్న. ఏ కాకి గూడ ఛాయ్ తాగుతదని నేను ఇనలే. ముట్టకుంటే నువ్వు తాగు. సల్లగుండు బిడ్డా, నూరేండ్లు సల్లగుండు. శక్కెర జర ఎక్కువెయ్యి. మీ అమ్మ గట్లనే తాగుతుండె, నేను వద్దంటె గూడ మల్ల ఇంత ఏస్కొని...