ఎడమ లైటు పైకి చూసే బండి

నా పేరు మెర్ల్ ఆస్ట్రాండర్. వయసు అరవై ఒకటి. ఉండేది న్యూయార్క్ రాష్ట్రం, క్విన్నెల్ కౌంటీ, మిల్ రోడ్డు, ఇంటి నంబరు 418. కౌంటీ రోడ్ల శాఖలో మంచు తోసే బండి ఇరవై ఎనిమిదేళ్ళు నడిపాను. రెండేళ్ళ కిందట నడుముకి ఆపరేషన్ అయ్యాక మానేశాను. ఈరోజు 2015 అక్టోబరు 17, శనివారం. ఉదయం పది గంటల ఐదు నిమిషాలకి షెరీఫ్ ఆఫీసుకి నా అంతట నేనే వచ్చాను. ఎవరూ పిలవలేదు. కావాలంటే లాయర్ని పెట్టుకోవచ్చని ఇన్వెస్టిగేటర్ డోనా పలుంబో గారు చెప్పారు. అక్కర్లేదన్నాను. నేను చెప్తుంటే ఆవిడే టైపు చేస్తున్నారు.

నా భార్య పేరు గ్లెండా. వయసు యాభై ఏడు, స్కూలు లైబ్రరీలో పని. బట్టల చాటున పిస్తోలు పెట్టుకుని తిరగడానికి అనుమతి కావాలని మే 11న కౌంటీ జడ్జి గారికి దరఖాస్తు పెట్టుకుంది. ఆ కాగితం ఇప్పటికీ కదల్లేదు. కదలకపోవడానికి కారణం నేను. అది చెప్పడానికే వచ్చాను.

ముందు డ్వైట్ ట్రెంబ్లే సంగతి చెప్పాలి. డ్వైట్ జైలు కాపలా ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. భార్య పోయింది. షూటింగ్ క్లబ్బులో పిస్తోలు క్లాసులు చెప్తాడు. మా ఊరి ఫైర్ హాల్లో సెప్టెంబరు నుంచి ఈస్టర్ దాకా ప్రతి శుక్రవారం సాయంత్రం చేపలు వేయించి అమ్ముతారు. ఆ డబ్బు ఫైరింజన్ ఖర్చులకి. పంతొమ్మిదేళ్ళు ఆ నూనె ముందు నిలబడింది నేను. నేను వేయించి ఇస్తే పక్కన గ్లెండా డబ్బాల్లో సర్దేది. ఆపరేషన్ అయ్యాక గంటల తరబడి నిలబడలేకపోయాను. నా చోటు డ్వైట్ తీసుకున్నాడు. నా ఏప్రాన్ కూడా తీసుకున్నాడు. జేబు దగ్గర కాలిన మచ్చ ఉన్న ఏప్రాన్ అది.

ఈ ఏడాది జనవరిలో ఒక శుక్రవారం తిందామని వెళ్ళాను. డ్వైట్ నన్ను చూసి కిటికీలోంచి కేకేశాడు. "ఏంటి మెర్లూ, నువ్వు కూడా వరసలో నిలబడ్డావా? పోనీలే పాపం, ముసలాడివి, నీకో ముక్క ఎక్కువేస్తాలే!" అందరూ నవ్వారు. గ్లెండా కూడా నవ్వింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. పెళ్ళికి ముందు నా మాటలకి అలా నవ్వేది. ఇంటికొచ్చాక ఆవిడ జుట్టులోంచి నూనె వాసన వస్తుంటే నాకు ముద్ద దిగలేదు. పంతొమ్మిదేళ్ళు ఆ వాసన మా ఇద్దరికీ ఉండేది. ఇప్పుడు ఆవిడకీ వాడికీ ఉంది. నేను కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను మేడమ్, ఇంకో మాట నాకు తెలీదు. అలాగే రాసుకోండి.

మార్చి 6, శుక్రవారం, మా తమ్ముడు ఫ్లాయిడ్ దగ్గర వాడి బూడిదరంగు ట్రక్కు అడిగి తీసుకున్నాను. కట్టెలు తెచ్చుకోవాలని చెప్పాను. నా బండిలో వెళ్తే గ్లెండా గుర్తుపడుతుంది. ఫ్లాయిడ్ బండికి అంతకుముందు జింక తగిలి ఎడమ లైటు బిగింపు విరిగిపోయింది. తీగతో కట్టాడు. ఆ లైటు రోడ్డు మీద పడదు, పైకి చెట్ల మీద పడుతుంది. "తీసుకెళ్ళు, కానీ ఆ లైటు బాగుచేయించి ఇవ్వు అన్నయ్యా. నీకు వేరే పనేముంది?" అన్నాడు ఫ్లాయిడ్. సరేనన్నాను. చేయించలేదు.

ఫైర్ హాలుకి ఎదురుగా కలప అడితి దగ్గర బండి ఆపి కూర్చున్నాను. ఏడు గంటల పది నిమిషాలకి గ్లెండా బయటికొచ్చింది. ఆవిడ ఇంటి నుంచి వండి తెచ్చిన గిన్నెని డ్వైట్ కారు దాకా మోసుకొచ్చాడు. ఖాళీ గిన్నె, మేడమ్. ఖాళీ గిన్నె మొయ్యడానికి మగాడు ఎందుకు? ఆవిడ కారు వెనకాల దూరంగా ఆరు మైళ్ళు వెళ్ళాను. డ్వైట్ ఇంటివైపు తిరుగుతుందేమోనని చూశాను. తిరగలేదు. తిన్నగా ఇంటికెళ్ళింది. నేను బండి ఫ్లాయిడ్ కొట్టంలో పెట్టి, అరమైలు నడిచి ఇంటికొచ్చి, పేకాడి వచ్చానని చెప్పాను.

మార్చి 13న మళ్ళీ వెళ్ళాను. తిన్నగా ఇంటికే వెళ్ళింది. సంతోషించాలి కదా? లేదు. ఈసారి కాకపోతే వచ్చే శుక్రవారం దొరుకుతుంది అనుకున్నాను. మార్చి 20న దారిలో పెట్రోలు బంకు దగ్గర ఆగింది. కారు దిగలేదు. పెట్రోలు పోయించుకోలేదు. దీపాల వెలుగులో పన్నెండు నిమిషాలు అలాగే కూర్చుంది. నేను రోడ్డుకి అటుపక్క లైట్లు ఆర్పి కూర్చున్నాను. వాడి కోసమే చూస్తోందనుకున్నాను. వాచీ చూసుకుంటూ పన్నెండు నిమిషాలూ లెక్కపెట్టాను. వాడు రాలేదు. 27న కూడా వెళ్ళాను.

ఏప్రిల్లో శనివారాలు పొద్దున్నే క్లబ్బుకి బయల్దేరడం మొదలుపెట్టింది. ఎక్కడికని అడిగాను.

"క్లాసుకి."

"ఏం క్లాసు?"

"పిస్తోలు క్లాసు."

"ఎవరు చెప్తారు?"

"ఇంకెవరు? డ్వైటే."

"ఇంట్లో ఆరు తుపాకులున్నాయి. నేను నేర్పలేనా?"

"అవి జింకలకి, మెర్ల్. నా చేతిసంచిలో పట్టవు. పైగా నువ్వు అరుస్తావు. నాకు కారు నేర్పినప్పుడు చూశాంగా!"

ఎందుకు నేర్చుకుంటున్నావని మాత్రం నేను అడగలేదు. ఎవరి దగ్గర అన్నదే అడిగాను. ఇప్పుడు ఆలోచిస్తే ఎందుకు అన్నదే మొదట అడగాల్సింది.

మూడో వారం గురికాగితం తెచ్చి ఫ్రిజ్ మీద అంటించింది. ఇరవై ఐదు గుళ్ళలో ఇరవై మూడు వలయం లోపలే పడ్డాయి. కింద డ్వైట్ సంతకం, "శభాష్ గ్లెండా, చెయ్యి తిరిగింది" అని రాత. నెల రోజులు ఆ సంతకం చూస్తూ గుడ్లు తిన్నాను. నేను మొదటి జింకని కొట్టింది పన్నెండో ఏట. నన్నెవరూ ఫ్రిజ్ మీద పెట్టలేదు.

మే 24, ఆదివారం, వంటింటి సొరుగులో సబ్బుల కూపన్ల కింద ఆ దరఖాస్తు నకలు దొరికింది. జింకల తుపాకీకి మా కౌంటీలో ఏ అనుమతీ అక్కర్లేదు. అందుకని పిస్తోలు కాగితం నేను పుట్టి బుద్ధెరిగి చూళ్ళేదు. అందులో ఆవిడ మంచి నడవడికి హామీ ఇచ్చే నలుగురి పేర్లు రాయాలి. మొదటి పేరు డ్వైట్ ట్రెంబ్లే. తర్వాత లైబ్రరీ పెద్దావిడ, పాస్టరు గారు, మాకు ఉత్తరాలు వేసే నోరిస్. నా పేరు లేదు. ఉత్తరాలు వేసే నోరిస్ పేరుంది, నా పేరు లేదు. ముప్పై మూడేళ్ళు ఒక కంచంలో తిన్నాం. నేను ఆవిడ మంచిదని చెప్పడానికి పనికిరానట, డ్వైట్ పనికొస్తాడట. ఇంట్లో ఇంకెవరుంటారు అన్నచోట మాత్రం 'మెర్ల్, భర్త' అని ఉంది. దాని వెనక జడ్జి గారికి రాసిన ఉత్తరం కూడా మడతపెట్టి ఉంది. అది నేను విప్పలేదు. డ్వైట్ పేరు దగ్గరే నా కళ్ళు ఆగిపోయాయి.

జూన్ 2న షెరీఫ్ ఆఫీసుకి ఒక ఉత్తరం రాశాను. సంతకం పెట్టలేదు. చేతిరాత తెలీకుండా ఎడమ చేత్తో రాశాను. గ్లెండాకి మతి నిలకడ లేదని, నరాల మాత్రలు మింగుతుందని, కోపమొస్తే ప్లేట్లు విసురుతుందని, ఆవిడ చేతికి పిస్తోలు ఇస్తే ఎవరినో చంపుతుందని రాశాను. అన్నీ అబద్ధాలు. ప్లేటు ఒక్కసారి విసిరింది, 1988లో. అది కాగితం ప్లేటు. పక్క ఊరు వెళ్ళి పోస్టు చేశాను. వాడి క్లాసు బూడిదలో పోసిన పన్నీరు కావాలి, అంతే నాకు కావలసింది.

సెప్టెంబరులో చేపలు మళ్ళీ మొదలయ్యాయి. 18, 25, అక్టోబరు 2, 9 తేదీల్లో ఫ్లాయిడ్ బండి తీసుకుని మళ్ళీ వెనకాల వెళ్ళాను. 9న ఆవిడ కారు చాలా వేగంగా నడిపింది. మిల్ రోడ్డు మలుపులో చక్రం గట్టు దాటింది. ఎవరి కోసం ఈ తొందర అని పళ్ళు కొరుక్కున్నాను.

అక్టోబరు 13, మంగళవారం, మూడున్నరకి పలుంబో గారు మా ఇంటికొచ్చారు. దరఖాస్తు పెట్టినవాళ్ళ ఇంట్లోవాళ్ళని అడగడం పద్ధతట. గ్లెండా స్కూల్లో ఉంది. నా కడుపులో ఉన్నది ఆగలేదు. "ముప్పై మూడేళ్ళ మొగుణ్ణి. ఉత్తరాలు వేసేవాడి పాటి చెయ్యనా? నా పేరెందుకు రాయలేదో కనుక్కోండి," అన్నాను. పలుంబో గారు దరఖాస్తు నా వైపు తిప్పి, ఆ నాలుగు పేర్ల పైన అచ్చులో ఉన్న వరస మీద వేలు పెట్టారు. రక్తసంబంధం గానీ పెళ్ళి సంబంధం గానీ ఉన్నవాళ్ళ పేర్లు చెల్లవు, అని ఉంది. "మీ పేరు రాసుంటే ఆ రోజే తిప్పి పంపేవాళ్ళం," అన్నారు ఆవిడ.

తర్వాత గ్లెండా జడ్జి గారికి రాసిన ఉత్తరం చదివి వినిపించారు. మార్చి నుంచి శుక్రవారాలు ఒక బండి నన్ను ఇంటిదాకా వెంబడిస్తోంది, అని రాసింది. నడిపేవాడి ముఖం కనపడదు, కానీ ఎడమ లైటు పైకి చెట్ల మీద పడుతుంది, అని రాసింది. ఒకరోజు భయపడి పెట్రోలు బంకు వెలుగులో ఆగితే, ఆ బండి కూడా అవతల లైట్లు ఆర్పుకుని నా కోసం కాచుకుంది, అని రాసింది.

"ఇలాంటి బండి మీరెప్పుడైనా చూశారా?" అని పలుంబో గారు అడిగారు. లేదన్నాను. అది అబద్ధం. "మీ ఆవిడ ఈ సంగతి మీకు చెప్పలేదా?" లేదన్నాను. అది నిజం. "సంతకం లేని ఉత్తరం ఒకటి మాకొచ్చింది. బండివాడూ, అది రాసినవాడూ ఒకడేనని మా అనుమానం. ఆవిడ చేతిలో పిస్తోలు ఉండకూడదని వాడి ఉద్దేశం," అన్నారు. నేను మంచినీళ్ళు తాగుతారా అని అడిగాను.

గురువారం 15న, రాత్రి భోజనాల దగ్గర, గ్లెండాయే కదిపింది. పలుంబో గారు వచ్చారట కదా, ఇక దాచి లాభం లేదు అంది. అంతా చెప్పింది.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"నీ సంగతి నాకు తెలీదా? తుపాకీ పుచ్చుకుని వాడి వెంట పడతావు. ఆ నడుముతో ఏ కాలవలోనో పడతావు. నాకు వాడంటే భయమే, నువ్వు పోతావేమోనని ఇంకా భయం."

ఆవిడ నా కంచంలో ఇంకాస్త మాకరోనీ వేసింది.

"ఓ పని చెయ్యవూ, మెర్ల్? రేపు శుక్రవారం నా వెనకాలే నీ బండిలో రా. వెనక ఉన్నది నువ్వని తెలిస్తే ధైర్యంగా ఉంటుంది."

నిన్న శుక్రవారం వెళ్ళాను. నా సొంత బండిలో, రెండు లైట్లూ వేసుకుని, ఫైర్ హాలు గుమ్మం ముందే ఆపాను. ఏడు గంటల ఐదు నిమిషాలకి గ్లెండా వచ్చింది. డ్వైట్ బయటికొచ్చి, "హమ్మయ్య, నువ్వొచ్చావా! ఇన్నాళ్ళూ ఆవిణ్ణి కారు ఎక్కించేదాకా నా ప్రాణం కుదుటపడేది కాదు గురూ," అన్నాడు. గిన్నె నా చేతికిచ్చాడు. దారంతా గ్లెండా నెమ్మదిగా నడిపింది. మలుపు దగ్గర నా కోసం ఆగింది. కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఊపింది. ఆరు మైళ్ళూ ఏడ్చుకుంటూ వెళ్ళాను. నాకు సిగ్గేస్తోంది, అయినా రాసుకోండి.

ఇవాళ నన్ను ఇక్కడ దింపింది కూడా ఆవిడే. నీ గురించి నా మాట కూడా చెప్పొస్తానని ఆవిడతో అన్నాను. "మొగుడి మాట చెల్లదట కదా," అని నవ్వి, నా కాలరు సరిచేసింది. కింద కార్లో కూర్చుని పుస్తకం చదువుకుంటోంది. ఈ కిటికీలోంచి కనపడుతోంది.

ఆవిడకి మతి నిలకడగానే ఉంది. ఆ అనుమతి ఇవ్వండి. ఆవిడ భయపడింది నిజమైన మనిషిని చూసే. నా ఆరు తుపాకుల బీరువా తాళం ఈ బల్ల మీద పెట్టాను, అవి మీరే తీసుకెళ్ళండి. ఫ్లాయిడ్‌కి ఏ పాపమూ తెలీదు. కిందికెళ్ళి గ్లెండాకి నేనే చెప్తాను, దయచేసి మీరు చెప్పొద్దు. విన్నాక నన్నిక్కడే వదిలేసి వెళ్ళిపోతే వెళ్ళనివ్వండి. ఆవిడ వెనకాల ఏ బండీ పోకూడదు.

ఇదంతా పలుంబో గారు నాకు చదివి వినిపించారు. ఒక్కచోట దిద్దించి పక్కన పొడి అక్షరాలు వేశాను. డ్వైట్ నా ఏప్రాన్ తీసుకున్నాడని పైన చెప్పాను. తీసుకోలేదు. ఆపరేషన్‌కి ముందు రోజు నేనే తెచ్చి వాడి చేతికిచ్చాను. గ్లెండాని కాస్త చూసుకో అని కూడా నేనే చెప్పాను. మిగతాదంతా జరిగింది జరిగినట్టే ఉంది. ఇందులో అబద్ధముంటే శిక్ష పడుతుందని తెలిసే, ఎవరి బలవంతమూ లేకుండా సంతకం పెడుతున్నాను.

(సంతకం) మెర్ల్ ఆస్ట్రాండర్
ఉదయం 11 గంటల 40 నిమిషాలు

నా ఎదుట సంతకం చేశారు: డి. పలుంబో, ఇన్వెస్టిగేటర్