ఖతీజా ఆపా చివరి స్నానం

సభకు వచ్చిన పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, మసీదు వీధి వాళ్లకు, మిల్లులో షిఫ్ట్ దిగి ఇంటికి కూడా పోకుండా నేరుగా ఇక్కడికి వచ్చిన తమ్ముళ్లకు, గోదావరి దాటి అడవి పల్లె నుంచి వచ్చిన ముత్తక్కకు నమస్కారం. ఖతీజా ఆపా మనల్ని విడిచిపోయి ఈరోజుకు పదకొండు రోజులు. ఇవాళ హాలు నిండింది. సంతోషం అందామంటే నోరు రావడం లేదు. ఆమె పోయిన రోజు ఆ ఇంటి ముందు ఇంతమంది లేరు. ఆ సంగతి మీకూ తెలుసు, నాకూ తెలుసు.

నా పేరు రామకృష్ణ. సర్కారు దవాఖానాలో ముప్పై ఒక్క ఏళ్లు ల్యాబ్ టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యాను. ఆపా ఇంటికీ మా ఇంటికీ మధ్య ఒకటే గోడ. ఆమె గురించి నాలుగు మంచి మాటలు చెప్పమన్నారు. చెబుతాను. తర్వాత నా గురించి ఒక చెడ్డ మాట కూడా చెప్పుకోవాలి. అది చెప్పకుండా దిగిపోతే ఈ మైకు పట్టుకునే అర్హత నాకు లేదు.

అమ్మలారా, ఈ హాల్లో ఆపా కుట్టిన జాకెట్టు ఒక్కసారైనా తొడగని ఆడమనిషి ఉందా? పండుగ రేపనగా గుడ్డ తెచ్చిన వాళ్లను తిట్టిపోసేది. తిడుతూనే కుట్టి ఇచ్చేది. మిషను చప్పుడు, ఆమె తిట్లు కలిసి వినబడితేనే మా ఇంట్లో తెల్లారినట్టు. భర్త పోయాక ఒక్కగానొక్క బిడ్డ జెబాను ఆ మిషను మీదే చదివించింది.

ఆమెకు ఇంకో పని ఉండేది. ముస్లిం ఇళ్లలో ఆడమనిషి చనిపోతే చివరి స్నానం ఆడవాళ్లే చేయించాలి. గుసుల్ అంటారు. ఇరవై రెండేళ్లుగా ఈ చుట్టుపక్కల ఎక్కడ కబురొచ్చినా ఆపా, ఆమె తోడు చాంద్ బీ కలిసి వెళ్లేవారు. రేగాకు వేసి కాచిన నీళ్లు, కొంచెం కర్పూరం, నలువైపులా గుడ్డ చాటు. చాంద్ బీ నాకు చెప్పింది, ఆపా నోట శవం అన్న మాట ఎన్నడూ రాలేదని. చనిపోయిన మనిషిని పేరుపెట్టి పిలిచేదట. "చెయ్యి లేపుతున్న బేటీ, కోపం చేసుకోకు" అని చెప్పి మరీ చెయ్యి లేపేదట.

కరోనా రెండోసారి వచ్చినప్పటి సంగతి ముత్తక్కకు బాగా తెలుసు. ఆమె బిడ్డ దవాఖానాలో పోయింది. ఊరి వాళ్లు రాలేకపోయారు, వచ్చిన ఇద్దరు కూడా దూరంగా నిలబడ్డారు. "నా బిడ్డకు పసుపు పెట్టకుండ ఎట్ల పంపాలె" అని ముత్తక్క గేటు దగ్గర ఏడుస్తుంటే, ఏదో పని మీద దవాఖానాకు వచ్చిన ఆపా విన్నది. నేరుగా డాక్టరమ్మ దగ్గరికి పోయి, ఏం తొడుక్కోవాలి, ఏది ముట్టొచ్చు, ఏది ముట్టకూడదు అని పదిసార్లు అడిగింది. వాళ్లిచ్చిన బట్టలు తొడుక్కుని, తన మతం కాని, తన భాష కాని ఆ పిల్లకు పసుపు రాసి సాగనంపింది. భయం వేయలేదా అని తర్వాత నేను అడిగితే, "ఎందుకెయ్యదు అన్నా? భయమైతే తెలిసినోళ్లను అడగాలె. ఉరికితే ఏం తెలుస్తది?" అన్నది.

అటువంటి మనిషి పోయిన శ్రావణంలో ఒక జాకెట్టుకు రెండు కుడిచేతులే కుట్టింది. నవ్వుకున్నాం. వారం తిరగకుండా మిషనులోకి దారం ఎట్లా ఎక్కించాలో మరిచిపోయింది. దసరా నాటికి గోడ పట్టుకోనిదే నడవలేకపోయేది. గిన్నె కింద పడితే చాలు, ఒళ్లంతా ఎగిరిపడేది. దీపావళి తర్వాత జెబాను చూసి "ఎవరమ్మా నువ్వు, ఎవరికోసం వచ్చినవ్?" అని అడిగింది. ఆ మాటకు జెబా మా ఇంటికి వచ్చి ఏడ్చిన ఏడుపు నేను మరిచిపోలేను.

హైదరాబాదు తీసుకుపోయాం. నేనూ వెంట వెళ్లాను. మెదడు స్కానింగ్ చేశారు, వెన్నులోంచి నీరు తీశారు. ప్రియాన్ జబ్బు అన్నారు. ఏడాదికి పది లక్షల మందిలో ఒకరికో ఇద్దరికో వచ్చేది. మందు లేదు, కొద్ది నెలల కంటే ఆగదు అన్నారు. ఇన్నేళ్లు మైక్రోస్కోపు ముందు కూర్చున్న నేనే అటువంటిది ఎన్నడూ చూడలేదు. అది పురుగు కాదు, వైరస్ కాదు. దానికి ప్రాణమే లేదు. మన మెదడులో మామూలుగా ఉండే ప్రోటీన్ ఒకటి మడత తప్పుతుంది. తప్పినది ఊరికే ఉండదు, పక్కదాన్ని కూడా తనలాగే మడతపెడుతుంది. టైలరుకు ఆది జాకెట్టు ఇస్తాం కదా. ఆ ఆది జాకెట్టే తప్పుగా ఉంటే, దాన్ని చూసి కుట్టినవన్నీ తప్పుతాయి. ఆ తప్పిన ప్రతిదీ మళ్లీ ఇంకోదానికి ఆది అవుతుంది. అట్లా మెదడంతా పాడవుతుంది. ఎందుకు మొదలైందో చాలామంది విషయంలో ఎవరూ చెప్పలేరు.

ఇక నా తప్పు చెబుతాను, వినండి. వెన్ను నీరు తీసిన సూదిని, ఆ సామానును అక్కడి వాళ్లు విడిగా కట్టి కాల్చడానికి పంపడం నేను చూశాను. తిరిగొచ్చిన మర్నాడు పవన్ టీ కొట్టు దగ్గర పదిమంది చుట్టూ చేరితే, నాకు తెలివి పొంగుకొచ్చింది. "ఉడకబెట్టినా చావదు, ఫార్మాలిన్‌లో ఏసినా చావదు" అని గొప్పగా చెప్పాను. అందరూ నోరు తెరిచి విన్నారు. నాకు బాగుంది. చెప్పవలసిన రెండో సగం చెప్పలేదు. అది ముట్టుకుంటే అంటదని, గాలికి రాదని, కలిసి తిన్నా, పక్కన పడుకున్నా రాదని చెప్పలేదు. ఆ మాట వినడానికి అంత రుచిగా ఉండదు కదా.

ఎవరో ఫోన్లో వెతికారు. ఎక్కడో సముద్రం అవతల దీవిలో, చనిపోయిన వాళ్లను తినే ఆచారం ఉన్న రోజుల్లో ఇటువంటి జబ్బు వ్యాపించిందని వీడియో దొరికింది. అది నిజమే. కానీ అది మెదడును తినడం వల్ల వచ్చింది. మన వీధికి చేరేసరికి ఆ ముక్క రాలిపోయి, శవాల నుంచి వస్తుందట అన్నది మిగిలింది. ఇరవై రెండేళ్లు శవాలు కడిగింది కాబట్టే ఆపాకు వచ్చిందన్నారు. కడిగితే మనకూ వస్తుందన్నారు.

ఆపా పోయిన రోజు చాంద్ బీ రాలేదు. ఆమెను నేను తప్పు పట్టను. ఇంట్లో బాలింత కూతురుంది, "పోతే మళ్లీ గడప తొక్కకు" అని అల్లుడు తలుపు గడియ వేశాడు. ఇంకో ఇద్దరికి కబురు చేస్తే ఒంట్లో బాగాలేదన్నారు. పొద్దున పోయిన మనిషి మధ్యాహ్నం దాకా అట్లాగే ఉన్నది. ఎన్ని ఇళ్లలో ఎంతమందికి నీళ్లు పోసిన మనిషి ఆమె? చివరికి జెబా ఒక్కతే కొంగు దోపుకుని లేచింది. మా ఆవిడ హేమలత కాచిన నీళ్లు గుడ్డ చాటు దాకా మోసింది. లోపలి నుంచి జెబా గొంతు వినబడింది. "చెయ్యి లేపుతున్న అమ్మీ, ఒక్కదాన్నే ఉన్న, జర ఓర్చుకో" అంటున్నది.

అప్పుడు నేనెక్కడ ఉన్నాను? వీధిలో, మగవాళ్లలో నిలబడి ఉన్నాను. గ్లౌజులు వేసుకుని కడిగితే ఏ భయమూ లేదని ఆ వీధిలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. గట్టిగా ఒక్క కేక వేస్తే సరిపోయేది. వేయలేదు. మొన్న అట్లా చెప్పి ఇవాళ ఇట్లా చెబుతున్నాడేంది అంటారని సిగ్గుపడ్డాను. నా సిగ్గుకు ఆ పిల్ల కన్నతల్లిని ఒంటరిగా ఎత్తి పక్కకు తిప్పవలసి వచ్చింది.

ఇప్పుడు పూర్తిగా చెబుతున్నాను. ఈ జబ్బు ఒకరి నుంచి ఇంకొకరికి వచ్చిన దారులు ఉన్నాయి, లేవని అబద్ధం చెప్పను. జబ్బు మనిషి మెదడుకు ఆపరేషన్ చేసిన పనిముట్లు సరిగా శుద్ధి కాకపోతే వచ్చింది. వాళ్ల మెదడు పొరను ఇంకొకరికి అతికిస్తే వచ్చింది. పరాయి దేశంలో జబ్బు పశువు మాంసంతో వచ్చింది. అందుకే అటువంటి వాళ్ల రక్తం, కళ్లు దానంగా తీసుకోరు. స్నానం చేయించిన చేతులకు వచ్చిందని మాత్రం ఎక్కడా లేదు.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, జెబా మన అంగన్‌వాడీ టీచరు. పంతొమ్మిది మంది పిల్లల్లో నిన్న ముగ్గురు వచ్చారు. "తల్లిని కడిగిన చేతుల్తోని మా పిల్లలకు అన్నం పెడ్తదా" అన్నవాళ్లు ఎవరో నాకు తెలుసు, పేర్లు చెప్పను. కొద్దిమందికి ఈ జబ్బు వంశపారంపర్యంగా వస్తుంది. అందుకని జెబా రక్తం కూడా పరీక్షకు పంపారు. ఫలితం ఇంకా రాలేదు. "నాక్కూడ వస్తదా చాచా?" అని అడిగింది. రాదని చెప్పాలని ఎంతో ఉంది, కానీ తెలియదు అన్నాను. ఏది వచ్చినా, ఆమె పెట్టిన అన్నం తిన్న పిల్లలకు దానితో ఏ సంబంధమూ లేదు. అమ్మలారా, మీ పిల్లలను రేపు పంపండి. మా మనవరాలిని నేనే తీసుకొస్తున్నాను.

ఇక లేచి నిలబడి ఆపాను తలుచుకుందాం. అయితే ఎవరూ ఉన్నచోటే నిలబడవద్దని నా మనవి. జెబా ముందు వరుసలో కూర్చుంది. ఆమెకు ఇటు మూడు కుర్చీలు, అటు నాలుగు కుర్చీలు ఖాళీ. వెనక మీలో ఇరవై మంది జాగా లేక గోడకు ఆనుకుని నిలబడ్డారు. సభ మొదలైనప్పటి నుంచీ ఇక్కడి నుంచి చూస్తూనే ఉన్నాను. మైకు ఇక్కడ పెట్టి నేను దిగి ఆమె పక్కకు వెళుతున్నాను. మనం పాటించే రెండు నిమిషాల మౌనం అక్కడ, ఆమెకు భుజం తగిలేంత దగ్గరగా నిలబడి పాటిద్దాం. రండి.