ఒక్క దేవుడోడు

రాజారాం నన్ను మామా అని ఎందుకు పిలుస్తడని అడుగుతున్నవా, భానుప్రసాద్ సారూ? వాడు గోండోడు, నేను మొయినుద్దీన్‌ని, ఎట్ల మామనైతి అనా? కూసో, కూసో. కిరాయికొచ్చి నెలైంది, ఇయ్యాల్టికి అడిగినవ్! అరె, గదంతా వాళ్ళమ్మ భీంబాయి చేసిన పని. ఆమె పోయి ఆరేండ్లాయె గని, గల్లీల ఎవలన్న పెద్దగ నవ్వితే నేనిప్పటికి తలకాయెత్తి సూస్త.

ఉట్నూరు దిక్కుకెల్లి చెరుకు కొట్టనీకి బోధన్‌కొచ్చింది, ఆడికెల్లి ఇటుకలు మొయ్యనీకి నిజామాబాద్‌కు, మన గల్లీకి. ఎన్క నాలుగిండ్లు వాళ్ళయే, అందరు ఒక్క ఊరోళ్ళే. నేను గీ మిషిని మీదనే బ్యాగులకు జిప్పులేస్తున్న. మా అబ్బా కొన్న మిషిని సారూ ఇది, ఇప్పటియి రెండేండ్లు నడ్వయి, సరె, గది ఇడువు. ఒకనాడు భీంబాయి వచ్చి నిలవడ్డది, నడుం మీద చెయ్యి వెట్టుకొని. "ఏయ్, మీరెన్ని దేవుళ్ళోళ్ళు?" అన్నది. గిదేం సవాలు! పేరడుగుతరు, కులమడుగుతరు, దేవుళ్ళ లెక్క ఎవలన్న అడుగుతరా? నేను బిత్తరపోయి "ఒక్కడేనమ్మా" అన్న. ఇగ సూడు! చేతులు కొట్టుకుంట నవ్వవట్టె. ఏందంటే, వాళ్ళల్ల నాలుగు దేవుళ్ళోళ్ళు, ఐదోళ్ళు, ఆరోళ్ళు, ఏడోళ్ళు ఉంటరట. లెక్క ఒక్కటైతే అన్నదమ్ములు, పిల్లనియ్యరు. వేరైతే సోయిరోళ్ళు, అంటే వియ్యమందేటోళ్ళన్నట్టు. "మేం ఆరు, నువ్వొకటి. నాకు బావవైతవ్ పో, నా పోరనికి మామవైతవ్!" అన్నది. బజార్ల, మంది ముంగట! మా ఇంటామె ఖైరున్నిసా తలుపు సందుకెల్లి ఇన్నది. "కౌన్ హై వో? బావ అంటదేంది?" అని మూడొద్దులు నాకు చాయ్ పొయ్యలే. తర్వాత గా ఇద్దరే ఒక్కటైండ్రు, నన్ను తిట్టుడు గూడ కలిసే తిట్టేటోళ్ళు. నేను మజాక్ అనుకున్న సారూ. ఇరవై ఏండ్లు మజాకే అనుకున్న!

గప్పుడు లాక్‌డౌన్. ఒకరోజు పొద్దుగాల భీంబాయి లెవ్వలే, నిద్రలనే పోయింది. రాజారాం ఏడ్సుకుంట ఉర్కొచ్చిండు. "మామా, పాడె ముంగట సోయిరోళ్ళే వట్టాలె, మొదలు మట్టి వాళ్ళే ఎయ్యాలె. లేకుంటే అమ్మ మా పెద్దోళ్ళల్ల కలువది. ఈడున్నోళ్ళందరం ఆరు దేవుళ్ళోళ్ళమే. బస్సులు బంద్, ఊరికెల్లి ఎవలు రాలేరు. నువ్వు రా" అన్నడు. "అరె బేటా, అది నవ్వులాట గద" అన్న నేను. వాడు నా మొఖం దిక్కు సూసి, "అమ్మ నవ్వులాటకనలే మామా. నిన్ను బావ అన్న ఒద్దే ఊరికి కబురు వెట్టింది, పట్నంల సోయిరోడు దొర్కిండు, ఇగ ఈడ సచ్చినా నాకు రంది లేదని" అన్నడు. నేను నోరు తెరవకముందే ఖైరున్నిసా నా చెప్పులు తెచ్చి కాళ్ళ ముంగటేసింది. పోయిన! ఈ భుజం మీదనే, సూడు, ఈ భుజం మీద మోసిన! తొవ్వల పోలీసాయన ఆపి "ముసలోడా, నువ్వేమైతవ్ ఆమెకు?" అన్నడు. "బావను" అన్న. గల్లీ అంతా ఇనవడేటట్టన్న! ఆయన మాస్కు సదురుకొని పక్కకు జరిగిండు. మొదలు మట్టి నేనే ఏసిన. ఏసినంక ఎన్కకు తిర్గి సూడకుంట రావాలన్నరు. అందరట్లనే వచ్చిండ్రు.

నేను తిర్గి సూసిన.