పన్నెండు కిలోమీటర్ల మంచి రోడ్డు

"ఇది రోడ్డని ఎవరు చెప్పారు తల్లీ, నీ ఫోనా?"

"ఫోనే చెప్పింది నాన్నా. ఇంత లావు గీత కనపడటం లేదూ?"

"గీతదేముంది, అరచేతిలో వైకుంఠం చూపిస్తుంది ఫోను. రెండేళ్ల కిందటి వానకి అక్కడి కల్వర్టు కొట్టుకుపోయింది. ఏడుగురూ సైకిళ్లు భుజానేసుకుని ఈదుతారా?"

(వంటింటి బల్ల మీద మ్యాపు పరిచి ఉంది. ఒకవైపు కూతురు, రెండోవైపు ఇరవై ఆరేళ్లు లారీ నడిపి మానేసిన తండ్రి.)

"నువ్వు లారీ దిగి నాలుగేళ్లయింది. రెండేళ్ల కిందటి కల్వర్టు సంగతి నీకెవరు చెప్పారు?"

"లారీ మానేశా గానీ, డ్రైవర్ల టీకొట్టు మానేశానా? చూడిక్కడ. క్వారీ రోడ్డట! టిప్పర్లు పొద్దున ఆరింటికే బయల్దేరతాయి. మీ రంగురంగుల టోపీలు చూసి ముచ్చటపడి బ్రేకేస్తారనుకున్నావా?"

"ఆదివారం క్వారీ మూత. అందుకే ఆదివారం పెట్టా. మాకూ కాస్త బుర్రుంది."

"నూట అరవై కిలోమీటర్లు ఊరికే తొక్కి, మళ్లీ బయల్దేరిన చోటికే వచ్చేవాళ్లకి బుర్రుందంటే... సరే, నమ్మాలి మరి."

"ఇరవై ఆరేళ్లు కూర్చుని నువ్వు పొట్ట పెంచావు. మేం ఒక్క రోజు తొక్కి తగ్గించుకుంటాం. తప్పా?"

"తప్పేం లేదు. కల్వర్టు వదిలేసి కాలవ గట్టెక్కండి. కంకరే గానీ అడుగున గట్టి నేల. చక్రాల్లో గాలి కాస్త తగ్గించుకోండి. దిగుడులో మాత్రం ముందు బ్రేకు గట్టిగా పట్టావో, పళ్లు ఏరుకుంటూ వస్తావు."

"ఇందాకటి నుంచీ వెటకారాలాడుతూనే ఉన్నావు. పెన్సిలు నీ చేతికెప్పుడొచ్చింది?"

"నీ గీతలు చూడలేక లాక్కున్నా. నీళ్లెక్కడ?"

"ముప్పై కిలోమీటర్లకోచోట. ఎవరికైనా ఓపిక అయిపోతే సగంలో రైల్వే స్టేషనుంది. మా ఆఫీసులో కొత్తమ్మాయి మొదటిసారి వస్తోంది, తన కోసమే చూసి పెట్టా."

"ఊఁ. నా పోలికే."

"ఎప్పుడూ అమ్మ పోలికంటావుగా?"

"అది నువ్వు బుర్ర వాడనప్పుడు."

"ఆగాగు. ఇక్కడెందుకు కొట్టేశావ్?"

"ఎక్కడ?"

"పాత హైవే. పన్నెండు కిలోమీటర్లు. మొత్తం దారిలో మంచి రోడ్డంటే అదొక్కటే! కొత్త హైవే వచ్చాక బళ్లన్నీ అటే పోతున్నాయి. పక్కన బోలెడంత అంచు. పసిపిల్లలు కూడా తొక్కొచ్చు."

"కుక్కలుంటాయి."

"కుక్కల్లేని ఊరు చూపించు, అక్కడికే పోతాం."

"ఎదురుగాలి."

"పక్క రోడ్డులో గాలి సెలవు పెడుతుందా? ఏంటీ కాకమ్మ కబుర్లు?"

"చెప్తే వినవేం? ఇలా తిరిగి, ఇటుక బట్టీల వెనక నుంచి వచ్చెయ్యండి."

"ఇరవై రెండు కిలోమీటర్లు! అదీ కంకర! డొంకతిరుగుడు మాటల్లోనే అనుకున్నా, నీకు రోడ్డు మీద కూడానా?"

"పోతే పది కిలోమీటర్లు పోతాయి."

"కొత్తమ్మాయి కాళ్లు పోతాయి. ఆరుగురు నన్ను నమ్ముకుని వస్తున్నారు నాన్నా. ఒక్క సరైన కారణం చెప్పు, నేనే కొట్టేస్తా."

"పొద్దున పూట ఎదురెండ. సరిగ్గా కళ్లలో కొడుతుంది."

"చలవ కళ్లద్దాలు పెట్టుకుంటాం."

"మీకు కాదే. వెనక బండి తోలేవాడికి."

"బళ్లే రావంటుంటే!"

"ఒక్కటి చాలు... వంతెన దిగాక, సైకిలు మీద అంచునే పోతున్నాడు. పసుపు చొక్కా. వాడి తప్పేం లేదు, అంచునే పోతున్నాడు. అద్దం మొత్తం తెల్లగా అయిపోయింది. నాకు చప్పుడే తెలిసింది."

"ఎవరు? నాన్నా, ఎప్పుడు?"

"నాలుగేళ్లు."

"నడుం నొప్పనే కదా లారీ మానేశావు?"

"నడుం బానే ఉంది."

"అమ్మకి తెలుసా?"

"మీ అమ్మ ఇప్పటికీ నడుముకి కాపడం పెడుతుంది."

"సరే. సరేలే. ఇదిగో, నీళ్లు తాగు. ఎండ కళ్లలో పడితే ఎవరు మాత్రం ఏం చేస్తారు? కావాలని చేశావా? ఆస్పత్రికి నువ్వే తీసుకెళ్లావా, అంబులెన్స్ వచ్చిందా? నాన్నా, నిన్నే. ఎవరు తీసుకెళ్లారు?"

"లారీ ఆపలేదమ్మా."