రెండో మనిషి

కాపెల్ ఊళ్ళో ఓ శనివారం. ఆదిశేషు గరాజ్‌లో పెంచుకుంటున్న పధ్నాలుగడుగుల కొండచిలువకు మేత పెట్టే రోజు. సాయానికి వచ్చిన స్నేహితురాలు రేణుని గుమ్మంలోంచే పంపేసి, ఆదిశేషు భార్య లీల గరాజ్ తలుపు దగ్గరికి వచ్చింది. ఒళ్ళు ఇంకా మండుతూనే ఉంది.

“పంపేశావా? అంత దూరం డ్రైవ్ చేసుకొచ్చిన మనిషిని?”

“ప్రతి శనివారం వస్తూనే ఉందిగా. ఒక్కరోజు రెస్ట్ తీసుకోనీ.”

“లీలా, ఇంత పెద్ద పాముని ఒక్కడే ఫీడ్ చేయకూడదు. పక్కన రెండో మనిషి ఉండాలి. రూల్ అది.”

“రెండో మనిషి! ఎంత ముద్దుగా చెప్తున్నావో. పెళ్ళాం ఇంట్లో ఉండగానే కావాల్సొచ్చిందా?”

“నువ్వే కదా ఇటు తొంగి కూడా చూడనన్నావు! మేతకి తెచ్చే కుందేలు మాటెత్తితే వాంతి అన్నావు. మన ఫ్రీజర్‌లో పెడితే—”

“అందుకని రేణు ఫ్రీజర్‌లో పెట్టించావు.”

“ఆవిడకి పట్టింపుల్లేవు.”

“అవును. దేనికీ లేవు.”

“లీలా!”

“కుళ్ళే. ఒప్పుకుంటున్నా. కుళ్ళు కాక ఇంకేంటి? మీరిద్దరూ లోపల పకపకా నవ్వుతుంటే నేను కిచెన్‌లో పప్పు మాడబెట్టుకుంటున్నా. ఆ పామునేమో చిట్టీ, చిట్టీ అంటావు. నన్ను ప్రేమగా పిలిచి ఎన్నాళ్ళయింది?”

“ఇప్పుడేగా పిలిచాను.”

“అరిచావు. అది వేరు. జరుగు, నేనొస్తా.”

“నువ్వా?”

“నేనే. ఏం చెయ్యాలో చెప్పు.”

“ముందు… ముందు చేతులు కడుక్కో. చేతికి కుందేలు వాసనుంటే చెయ్యే తిండి అనుకుంటుంది.”

“కడిగా. ఆ కుందేలు… చచ్చిందేనా?”

“చచ్చిందే. నిన్న తెచ్చి మంచు కరగబెట్టా. బతికున్నది పెడితే తిరగబడి పాముని కొరుకుతుంది. ఇదిగో, ఇంత పొడుగు పట్టకారుతో అందించాలి. చేత్తో ఎప్పుడూ ఇవ్వకూడదు.”

“నిన్ను చుట్టేస్తే?”

“తోక వైపు నుంచి విప్పాలి. తల పట్టుకుని లాగకూడదు.”

“నిన్ను చుట్టేస్తే రేణు విప్పేదన్నమాట.”

“మళ్ళీ మొదలు!”

“అయిపోయింది లే. అందించు. నేను ఇక్కడే ఉన్నా… అమ్మో! కుందేలుని పట్టేసింది!”

“కదలకు. దాని పని అది చూసుకుంటుంది.”

“గుండె దడదడలాడుతోంది శేషూ. కానీ బాగుంది. మనిద్దరం కలిసి ఒక పని చేసి ఏ కాలమైందో.”

“నాకూ బాగుంది. నిజంగా.”

“అయితే వచ్చే శనివారం కూడా నేనే. రేణుకి ఫోన్ చేసి చెప్పేయ్.”

“వచ్చే శనివారం ఎవరూ అక్కర్లేదు. ఇంతదానికి నెలకోసారి పెడితే చాలు. వారం వారం పెడితే కొవ్వు పట్టి చచ్చిపోతుంది.”

“నెలకోసారా?”

“ఆఁ. అదీ రూలే…”

“మరి రేణు వారం వారం వచ్చి మేత ఎవరికి వేస్తోంది శేషూ?”